ముందు ఖుర్ఆనా, ముందు భాషా?

పిల్లవాడికి మొట్టమొదట ఏం నేర్పాలి? ముస్లిం దేశాలన్నిటా దీనికి ఒకే సమాధానం ఉండేదని మనం అనుకుంటాం. నిజానికి అలా లేదు. 1332లో ట్యూనిస్‌లో జన్మించిన ఇబ్ను ఖల్దూన్ (రహ్మ) తన ‘ముఖద్దిమా’లో ఈ విషయం మీద ఒక అధ్యాయమే వ్రాశారు.

మగ్రిబ్ (నేటి మొరాకో ప్రాంతం) వాసులు పిల్లలకు ఖుర్ఆన్, దాని లిపి నియమాలు మాత్రమే నేర్పేవారు. అది పూర్తయ్యేదాకా హదీసు, ఫిఖహ్, కవిత్వం ఏవీ దగ్గరికి రానిచ్చేవారు కాదు. అందలుస్ (నేటి స్పెయిన్) వారికి కూడా ఖుర్ఆనే మూలం. అయితే దానితోపాటే కవిత్వం, లేఖారచన, వ్యాకరణం, చక్కని దస్తూరీ నేర్పేవారు. తూర్పు దేశాల్లో దస్తూరీకి వేరే ఉస్తాదులుండేవారు, చేతివృత్తులకు ఉన్నట్లే.

గ్రంథం ఒకటే, ధర్మం ఒకటే. బడిని మలచింది మాత్రం ఊరి ఆచారం. ఫలితమూ దాన్నిబట్టే వచ్చింది. మగ్రిబ్ పిల్లలకు ఖుర్ఆన్ పాఠం గట్టిగా వచ్చేది గానీ సొంతంగా అరబీలో చెప్పే నేర్పు రాలేదు. ఖుర్ఆన్ శైలిని ఎవరూ అనుకరించలేరు కదా, మరో నమూనా వారి ముందు లేదు! అందలుస్ వారికి భాష పట్టుబడింది, ఇతర శాస్త్రాలు వెనుకబడ్డాయి.

ఇష్బీలియా (నేటి సెవిల్) ఖాజీ అబూ బక్ర్ ఇబ్నుల్ అరబీ (రహ్మ) ముందు భాష, కవిత్వం, ఆ తర్వాత గణితం, అటు పిమ్మట ఖుర్ఆన్ నేర్పాలన్నారు. అర్థంకానిది పిల్లవాడి చేత చదివించడం ఆయనకు నచ్చలేదు. ఇబ్ను ఖల్దూన్ ఈ పద్ధతిని మెచ్చుకుంటూనే, ఆచారం దీనికి ఒప్పుకోదన్నారు. ఆ ఆచారం వెనుక తండ్రుల భయం ఉంది. చిన్నతనంలో మాట వింటాడు, యౌవనం వచ్చాక చేజారితే ఖుర్ఆన్ రాకుండానే మిగిలిపోతాడు. ఈ భయాన్ని మేము తేలిగ్గా తీసుకోము.

ఇక మన మక్తబ్‌ల సంగతి. అరబీ పాఠం, ఉర్దూలో అర్థం మన ఆచారం. ఉర్దూ తఫ్సీర్ల నిధి సామాన్యమైనది కాదు, మేము చదువుకున్నదీ అందులోనే. కానీ ఇంట్లో, బడిలో తెలుగే మాట్లాడే పిల్లవాడు అరబీతోపాటు ఆ ఉర్దూ అర్థాన్ని కూడా కంఠస్థమే చేస్తున్నాడు! ప్రతి ప్రవక్తనూ తన జాతి భాషలోనే పంపినట్లు ఇబ్రాహీం సూరా 4వ ఆయతు తెలుపుతోంది.

కాబట్టి ఉస్తాదులకు మా మనవి ఇది: ఖుర్ఆన్ పారాయణాన్నే ముందుంచండి, దాన్ని తగ్గించకండి. చివరి ఐదు నిమిషాలు మాత్రం తెలుగుకు ఇవ్వండి. ఫాతిహాలో ఏడు ఆయతులున్నాయి, రోజుకొకటి చొప్పున వారం పడుతుంది. అర్థం చెప్పి, పిల్లవాణ్ణి తన మాటల్లో తిరిగి చెప్పమనండి. చెప్పలేకపోతే కోప్పడకండి. విద్యార్థులపై కాఠిన్యం వల్ల కలిగే నష్టం గురించి కూడా ఇబ్ను ఖల్దూన్ విడిగా వ్రాశారు. మరుసటి రోజు అదే ఆయతు మళ్ళీ చెప్పండి.