నీట్ సీటు రాకపోతే ల్యాబ్ దారి ఉంది

పాతబస్తీలో బైపీసీ చదివి నీట్‌లో సీటు రాని పిల్లలు చాలామంది లాంగ్ టర్మ్ కోచింగ్‌కు వెళ్తారు, లేదంటే ఫార్మసీలో చేరతారు. నయాపూల్ సిటీ కాలేజీలోనో, హుస్సేనీ ఆలం మహిళా కాలేజీలోనో బీఎస్సీ అంటే ‘తర్వాత ఏం చేస్తావు?’ అని ఇంట్లోనే నిలదీస్తారు. ఆ ప్రశ్నకు పరిశోధన కూడా ఒక జవాబే.

ఈ బస్తీకి అది కొత్తేమీ కాదు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో టెలిస్కోపుతో అబ్జర్వేటరీ పెట్టింది ఫిసల్‌బండలోనే. తర్వాత బేగంపేటకు మారిన ఆ నిజామియా అబ్జర్వేటరీ 1919లో ఉస్మానియా యూనివర్సిటీ చేతికొచ్చింది. ఫొటో ప్లేట్లపై లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచి, సంపుటాలుగా అచ్చువేసింది.

కొలతలు గుట్టలుగా పోగేసి అందులో అర్థం వెతకడమే ఇవాళ జన్యువులను చదివే జీనోమిక్స్‌లోనూ పని. హబ్సిగూడలోని పరిశోధన సంస్థ సీసీఎంబీ భాగస్వామిగా ఉన్న జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో 10 వేల మంది జన్యుక్రమాలు చదివారు. దాని ఉపయోగం తెలియాలంటే వైశ్యుల ఉదాహరణ చూడండి. వారిలో కొందరికి బ్యుటిరిల్‌కోలిన్‌ఎస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం ఉంటుంది. ఆపరేషన్ ముందు కండరాలు సడలడానికి ఇచ్చే కొన్ని మందులు వారి శరీరంలో త్వరగా విచ్ఛిన్నం కావు, ఊపిరి తీసుకోవడం చాలాసేపు కష్టమవుతుంది. తరతరాలుగా ఒకే సమూహంలో పెళ్లిళ్లు జరగడం వల్ల ఇలాంటి లోపాలు పోగవుతాయని సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2017లో రాశారు. మత్తు డాక్టరుకు ముందే తెలిస్తే మందు మారుస్తారు, అంతే.

కొలతల పని సెన్సర్లలోనూ ఉంది. స్మార్ట్‌వాచ్ తన వెనక మెరిసే పచ్చ లైటు రక్తంలో ఎంత ఇంకిందో చూసి నాడి లెక్కగడుతుంది. ఇలాగే కాంతితో పనిచేసే పల్స్ ఆక్సీమీటర్ల ఆక్సిజన్ కొలతలు నల్లటి చర్మంపై తప్పే అవకాశం ఎక్కువని 2020లో అమెరికా వైద్యులు చూపారు. మన చర్మానికి సరిపడే సెన్సర్లు కావాలి. అది ఫిజిక్స్ పిల్లల పని.

నక్షత్రాలు, జన్యువులు, సెన్సర్లు, ఈ మూడింటికీ ఉమ్మడిగా కావలసింది స్టాటిస్టిక్స్, కొంచెం పైథాన్. బీఎస్సీ సిలబస్‌లో ఉన్నా లేకపోయినా మొదటి ఏడాదే మొదలుపెట్టండి. నా ఉద్దేశంలో ఖరీదైన సర్టిఫికెట్ కోర్సు అక్కర్లేదు. ఎమ్మెస్సీకి ఐఐటీ జామ్ రాయండి, పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది. బయోటెక్నాలజీకి గాట్-బీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, ఉస్మానియాకు సీపీగెట్ ఉన్నాయి.

ఇంట్లో అడిగేది జీతమే కాబట్టి అదీ చెప్పండి. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్ఐఆర్ నెట్‌లో పరిశోధక ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) వచ్చి పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, ఆపైన 42 వేలు, ఇంటి అద్దె భత్యం వేరే. ఈలోపు దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయండి. అందులో ఏ ప్రశ్న మీద పనిచేయాలనుకుంటున్నారో సూటిగా రాయండి. ‘నాకు సైన్స్ అంటే ఇష్టం’ అని మాత్రం రాయకండి, అది అందరూ రాసేదే.