చదరంగపు గింజల సంఖ్య: ఒక లెక్కల మాస్టారి అనుభవ పాఠాలు

18446744073709551615. చదరంగం బల్లలో మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, ఇలా 64 గళ్లకూ రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తం ఇది. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఏటా దీన్ని నల్లబల్ల మీద రాశాను.

1. పెద్ద సంఖ్యను ముందు నోరారా చదవాలి. లక్షా ఎనభై నాలుగు వేల కోట్ల కోట్ల పైమాటే! మహావీరాచార్యుని గణితాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పేరుతో దీనికి మనకో పద్యమే ఉంది. అందులో అంకెలకు బదులు మాటలుంటాయి: బాణమంటే 5, చంద్రుడంటే 1, ఆకాశమంటే 0, వేదమంటే 4. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఇరవై అంకెలూ తప్పకుండా పలుకుతుంది. కంఠస్థం చేయదగ్గ పద్యం.

2. భాగాహారానికి ముందు చూపు. చివరి అంకె 5 గనుక 5 భాగిస్తుంది. అంకెల మొత్తం 87 గనుక 3 భాగిస్తుంది, 9 భాగించదు.

3. సంఖ్య పుట్టుక తెలిస్తే సగం పని అయినట్టే. ఇది 2⁶⁴ − 1. హైస్కూల్లో నేర్పే వర్గాల భేదం సూత్రం పెడితే (2³² − 1)(2³² + 1) అవుతుంది. మొదటి దాన్ని మళ్లీ మళ్లీ అలాగే విడగొడితే చివరికి 3, 5, 17, 257, 65537, 4294967297 తేలతాయి.

4. ఎంతటివారి మాటనైనా సరిచూడాలి. ఈ వరుసలోని సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని ఫెర్మా నమ్మాడు. మొదటి ఐదూ నిజంగానే అంతే. ఆరోది 641 × 6700417 అని 1732లో ఆయిలర్ చూపించాడు. ఎందుకో చూడండి. 641 = 5 × 2⁷ + 1. అదే 641 = 5⁴ + 2⁴ కూడా. 641తో భాగిస్తే 5 × 2⁷కి శేషం −1. నాలుగో ఘాతానికి ఎత్తితే 5⁴ × 2²⁸కి శేషం 1. ఇందులో 5⁴ బదులు −2⁴ వేయవచ్చు గనుక −2³²కి శేషం 1. అంటే 2³² + 1ని 641 నిశ్శేషంగా భాగిస్తుంది! లెక్కల్లో ఇంత అందమైన చోటు హైస్కూలు పిల్లలకు అందేంత దగ్గర్లో మరొకటి నాకు కనబడలేదు.

5. ఒక సంఖ్య గుణాలు మరెక్కడో పనికొస్తాయి. స్కేలు, వృత్తలేఖినితోనే 17 భుజాల క్రమబహుభుజిని గీయవచ్చని గౌస్ 1796లో, పందొమ్మిదేళ్లు నిండకముందే కనుక్కున్నాడు. ఆ 17 మన గింజల్లోదే. 257, 65537 భుజాలకూ అది సాధ్యమే.

లెక్కల మాస్టార్లకు నా మనవి ఒక్కటే. గింజల కథ చెప్పి ఆపేయకండి. వర్గాల భేదం నేర్పిన రోజునే ఈ సంఖ్యను పిల్లల చేత విడగొట్టించండి.