పాత కారు సైలెన్సరు – రోగి ప్రాణం



కాన్పు నొప్పులు వచ్చినా, ఆయాసం ఎక్కువైనా తిమ్మాజిపేట చుట్టుపక్కల ఊళ్ళలో చాలామంది పాత కారో, ఓమ్ని వ్యానో మాట్లాడుకొని ఆసుపత్రికి వస్తారు. ఒకసారి జ్వరంతో ఉన్న బిడ్డను అలాంటి వ్యానులో తెచ్చారు. బిడ్డతోబాటు తల్లికీ నాయనమ్మకూ తలనొప్పి, వాంతులు. తిన్నది పడలేదేమో అనుకున్నాము. "దారి పొడుగునా పొగ వాసనే సిస్టరమ్మా" అని నాయనమ్మ అన్నాక సంగతి తెలిసింది. వ్యాను కింద వేరే బండి సైలెన్సరును తీగతో కట్టారు. ఆక్సిజన్ పెట్టాక ముగ్గురూ కోలుకున్నారు.

పొగలో ఏముంది?

పెట్రోలు పూర్తిగా కాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు, వాసన ఉండవు. వాసన వచ్చేది తోడుగా ఉన్న మిగతా పొగ. కాబట్టి వాసన లేదని ధైర్యపడకండి. ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, మగత దాని గుర్తులు. గర్భిణులకు, పసిపిల్లలకు, గుండె జబ్బు, రక్తహీనత ఉన్నవారికి ప్రమాదం ఎక్కువ.

ముఖ్య గమనిక: వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు ఈ విషాన్ని గుర్తించలేదు. అంకె బాగానే కనిపించవచ్చు. బండిలో పొగ వచ్చి ఉంటే డాక్టరుకు, నర్సుకు తప్పక చెప్పండి.

పొగ వెళ్ళే దారి

ఇంజను దగ్గర మేనిఫోల్డు, దాని గ్యాస్కెట్, ముందు పైపు, క్యాటలిటిక్ కన్వర్టర్, సైలెన్సరు, చివరి పైపు. కన్వర్టర్ లోపల తేనెపట్టు లాంటి దిమ్మెకు ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి లోహాల పూత ఉంటుంది. అది మోనాక్సైడును కార్బన్ డయాక్సైడుగా మారుస్తుంది. దాన్ని తీసేసి ఖాళీ పైపు వెల్డింగ్ చేయిస్తే ఖర్చు తగ్గుతుంది, విషం తగ్గదు.

సరైన భాగాన్ని ఎలా గుర్తించాలి?

1. దుకాణానికి ఆర్.సి. తీసుకువెళ్ళండి. మోడల్, తయారైన నెల, సంవత్సరం, ఇంధనం, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు చూపించండి. "మారుతీ 800 సైలెన్సరు ఇవ్వండి" అంటే చాలదు. కార్బురేటర్ బండికీ ఇంజెక్షన్ బండికీ భాగాలు వేరుగా ఉండవచ్చు.

2. బండి ఏ ప్రమాణానిదో తెలుసుకోండి. భారత్ స్టేజ్ 2 దేశమంతటా 2005లో, స్టేజ్ 3 2010లో, స్టేజ్ 4 2017లో, స్టేజ్ 6 2020లో వచ్చాయి. కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ తప్పనిసరి కావడం 1995లో నాలుగు మహానగరాలలో మొదలైంది. అంతకన్నా పాత బండికి అది మొదటి నుండీ లేకపోవచ్చు.

3. పాత భాగాన్ని పారవేయకండి. దాని మీది నంబరు, పొడవు, పైపు లావు, బోల్టు రంధ్రాలు, ఆక్సిజన్ సెన్సరు చోటు కొత్తదానితో సరిచూడండి. గ్యాస్కెట్ కొత్తదే వేయించండి.

4. బిగించాక పొగ పరీక్ష చేయించండి. పెట్రోలు కారు ఆగి ఇంజను నడుస్తున్నప్పుడు మోనాక్సైడ్ పరిమితి స్టేజ్ 2కు ముందు బండ్లకు 3 శాతం, స్టేజ్ 2, 3 బండ్లకు 0.5 శాతం.

బయలుదేరే ముందు

ఇంజను ఆన్ చేసి కింద నుండి బుసలు కొట్టే శబ్దం వస్తుందేమో వినండి. వస్తే ఆ బండిలో రోగిని ఎక్కించకండి. వెనుక తలుపు తెరిచి నడపనివ్వకండి, పొగ లోపలికి లాగబడుతుంది. మూసిన షెడ్డులో ఇంజను ఆన్ చేసి ఉంచకండి. దారిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వస్తే బండి ఆపి, ఇంజను కట్టేసి, అందరినీ గాలిలోకి దించి 108కు ఫోన్ చేయండి.

బండి అద్దెకు మాట్లాడేటప్పుడు "ఎంత తీసుకుంటావు?" అని అడుగుతాము. "సైలెన్సరు బాగుందా అన్నా?" అని కూడా అడగండి. రోగి పక్కన కూర్చునే మీరూ అదే గాలి పీలుస్తారు.