పీనసకు శస్త్రచికిత్స జరిగినను గుణము లేనిచో

ముక్కునకు ఒక్కొక్క ప్రక్క నాలుగేసి గాలిగదులు కలవు. శస్త్రచికిత్సలో వాని ద్వారములను వెడల్పు చేయుదురు. కన్నును మెదడును అతి సమీపమున నుండుటచే వైద్యుడు కొన్ని పొరగోడలను తాకక విడిచిన, లేక సహజద్వారము కలియక వేరొక రంధ్రము మాత్రమే ఏర్పడిన, చీము మరల నిలువవచ్చును. “ఆపరేషను అయినది గదా, ఇంకను ఏమి?” అని ఇంటివారు విసుగుకొందురు; రోగి బాధ మాత్రము నిజమే.

లోని గాయము మానుటకు కొన్ని వారములు పట్టును. అంతవరకు కాచి చల్లార్చిన ఉప్పునీటితో ముక్కు కడుగుకొనుట మానరాదు. చికిత్స లోపము లేకున్నను కొందరికి కండ తిరిగి పెరుగును. 12 వారములు గడచినను చీము, ముక్కుదిబ్బడ తగ్గనిచో మరియొక నిపుణుని అభిప్రాయము కోరవచ్చును. అది మొదటి వైద్యునకు అవమానము కాదు. 2002 నాటి వైద్యవృత్తి నియమముల ప్రకారము, రోగి కోరిన 72 గంటలలో చికిత్సాపత్రముల నీయవలెను. శస్త్రచికిత్సా వివరమును, పూర్వపు సి.టి. స్కానును వెంట కొనిపోవలెను. క్రొత్త స్కానును దానితో పోల్చి చూచిననే ఏ గది మిగిలినదో తెలియును.