వేరుచేయుట – దాని అర్థము, దాని ఉపయోగము

చదువవలసిన భాగములు: ఆదికాండము 1, 2:19–20, లేవీయకాండము 11:1–19, మత్తయి 13:24–30, 47–50, అపొస్తలుల కార్యములు 10:9–28.



మిరప కళ్లములో కూర్చున్న మన తల్లులను చూడుడి. ఎండిన కాయల రాశి ముందు పెట్టుకొని, ఎర్రని మంచి కాయలను ఒక ప్రక్కకును, తెల్లబారిన తాలుకాయలను మరియొక ప్రక్కకును తీయుచుందురు. ఆ పని చేయనియెడల రాశి అంతటికి ధర పడిపోవును. రోజంతయు వంగి, చేతులు మండుచుండగా వారు చేయుచున్న ఆ పనికే వర్గీకరణమని చదువుకొన్నవారు పేరు పెట్టిరి. అనగా పోలికగలవాటిని ఒకచోట చేర్చి, పోలిక లేనివాటిని వేరుపరచుట. ఈ మాసము ఆ పనిని గూర్చియే ధ్యానింతము.

1. వేరుచేయుట మంచిది

ఆదికాండము మొదటి అధ్యాయములో దేవుడు వెలుగును చీకటినుండి వేరుపరచెను, జలములను జలములనుండి వేరుపరచెను, చెట్లను జంతువులను వాటి వాటి జాతుల ప్రకారము కలుగజేసెను. రెండవ అధ్యాయములో జంతువులకు పేర్లు పెట్టు పని ఆదాముకు అప్పగించెను. పేరు పెట్టుట అనగా దీనిని దానినుండి గుర్తుపట్టుటయే. కాబట్టి వేరుచేయు బుద్ధి పాపమువలన వచ్చినది కాదు. అది మనకు మొదటనే ఇయ్యబడినది.

దాని ఉపయోగము మన పిల్లల పలకమీదనే యున్నది. క, ఖ, గ, ఘ, ఙ అని వరుసగా ఎందుకు వ్రాయుదుము? అవి గొంతునొద్ద పుట్టును. చ వర్గము దవడలయొద్దను, ట వర్గము నాలుక పైకి మడువగాను, త వర్గము పండ్లయొద్దను, ప వర్గము పెదవులయొద్దను పుట్టును. మన పెద్దలు శబ్దములను కలగాపులగముగా వదలక, నోటిలోపలినుండి పెదవులవరకు వరుసగా అమర్చిరి. ఒక అక్షరము ఏ వర్గములోనిదో తెలిసినవానికి దానిని ఎట్లు పలుకవలెనో కూడ తెలియును. మంచి వర్గీకరణమునకు ఇదే గుర్తు: వస్తువును ఒక చోట పెట్టుటతో ఆగక, దానిని గూర్చి మరికొంత నేర్పును.

2. ప్రతి వేరుచేయుటకు ఒక ఉద్దేశము కలదు

లేవీయకాండము 11వ అధ్యాయములో గబ్బిలము పక్షుల వరుసలో నున్నది. బడిలో చదువుచున్న మన పిల్లలు, ‘గబ్బిలము పిల్లలను కని పాలిచ్చును గదా, పక్షి ఎట్లగును?’ అని అడుగుదురు. వారిని గద్దింపకుడి. ఆ అధ్యాయము ఇశ్రాయేలీయులు ఏమి తినవచ్చును, ఏమి తినరాదు అని చెప్పుటకు ఇయ్యబడినది. అందుకు ఎగురునవి, ఈదునవి, నేలమీద నడచునవి అను విభాగము చాలును. శాస్త్రజ్ఞుని ఉద్దేశము వేరు. అతడు శరీరపు కట్టడిని, పుట్టుకను చూచును. ఎర్ర కాయను సంతకొరకు ఏరు చెయ్యి రంగును చూచును. విత్తనముకొరకు ఏరువాడు ఆ కాయ ఏ చెట్టునుండి వచ్చెనో, ఆ చెట్టుకు తెగులున్నదో లేదో చూచును. కాయ ఒకటే, ఏరుటలు రెండు.

మరియు వర్గములను దిద్దుకొనవచ్చును. స్వీడన్ దేశస్థుడగు లిన్నేయస్ అను శాస్త్రజ్ఞుడు 1735లో ప్రకటించిన పట్టికలో తిమింగలమును చేపలతో చేర్చెను. అది ఊపిరితిత్తులతో గాలి పీల్చుననియు, పిల్లలకు పాలిచ్చుననియు యోచించి, 1758లో ప్రకటించిన పదియవ కూర్పులో దానిని చేపలలోనుండి తీసి పాలిచ్చు జంతువులలో చేర్చెను. ఆయన తన పట్టికను దిద్దుకొనుటకు సిగ్గుపడలేదు. పట్టికకొరకు తిమింగలము లేదు, తిమింగలమును తెలిసికొనుటకే పట్టిక యున్నది.

3. మనుష్యులను వేరుచేయునప్పుడు

ఇక్కడ మనము నిదానింపవలెను. మిరపకాయను తాలు అని పిలిచినను అది వినదు. మనుష్యుడు వినును; వాని బిడ్డయు ఆ పేరు మోయును.

బ్రిటిషు ప్రభుత్వము 1871లో నేరస్థ జాతుల చట్టమును చేసెను. 1911లో అది మన ప్రాంతములున్న మద్రాసు రాజధానికి కూడ వచ్చెను. ఒక జాతిని ఆ పట్టికలో చేర్చిన పిమ్మట, దొంగతనము చేసినవాడును చేయనివాడును ఒకే లెక్క. వారు పేర్లు నమోదు చేయించుకొనవలెను, వ్రేలిముద్రలు ఇయ్యవలెను, అధికారులయొద్ద హాజరు పలుకవలెను. మన తెలుగు సీమలో ఎరుకలవారు ఆ విధముగా పట్టికకెక్కిరి. బాపట్లయొద్దనున్న స్టువర్టుపురము వారికొరకు ఏర్పడిన నివాసము. దానిని నడపినది సాల్వేషన్ ఆర్మీ అను క్రైస్తవ సంస్థ. కాబట్టి ఇది మనకు పరాయి కథ కాదు. 1952లో ఆ చట్టము దేశమంతట రద్దాయెను. అయినను ఆ ఊరి పేరు దొంగల ఊరిగా 1991లో సినిమాల పేర్లకు సహా ఎక్కెను. చట్టము పోయి నలుబది సంవత్సరములు కావచ్చినను ముద్ర పోలేదు.

పేతురు కూడ అట్టి పట్టికతోనే యొప్పేలో మిద్దె ఎక్కెను. జంతువులను గూర్చి ఇయ్యబడిన విభాగమును అతడు మనుష్యులమీద పెట్టియుండెను. దర్శనము ముగిసి కొర్నేలీ ఇంటికి వెళ్లిన పిమ్మటనే, ఏ మనుష్యునిని నిషిద్ధుడనియు అపవిత్రుడనియు పిలువరాదని ఒప్పుకొనెను.

4. నా తప్పు ఒకటి

పేతురును గూర్చి చెప్పి నన్ను దాచుకొనుట న్యాయము కాదు. నేను ఈ సంఘమునకు వచ్చిన మొదటి సంవత్సరము సంఘపు పుస్తకములో మూడు గళ్లు గీసితిని: క్రమముగా వచ్చువారు, అప్పుడప్పుడు వచ్చువారు, చల్లారినవారు. ఒక విధవరాలి పేరు మూడవ గడిలో వ్రాసితిని. ఆమె ఆరు నెలలు ఆరాధనకు రాలేదు, అది నిజమే. ఆ గడిలో వ్రాసిన తరువాత నేను ఆమె గడప త్రొక్కలేదు. క్రిస్మసుకు పేదలకు చీరలు పంచినప్పుడు పెద్దలు నా పుస్తకము చూచి ఆమెను విడిచిపెట్టిరి.

తరువాత తెలిసినదేమనగా, ప్రక్క ఊరిలో మంచముపట్టిన ఆడుబిడ్డకు అన్నము పెట్టుటకు ఆమె ప్రతి ఆదివారము నాలుగు మైళ్లు నడచి వెళ్లుచుండెను. కడమ ఆరు దినములు కూలి. నేను వెళ్లి క్షమించుమని అడిగితిని. ఆమె కోపపడలేదు. “అయ్యగారూ, ఒక్కమాట నన్నడిగి రాసుంటే బాగుండేది గదండీ” అని మాత్రము అనెను.

ఆ రాత్రి ఆ మూడవ గడిని కొట్టివేసితిని. దాని బదులు రెండు గళ్లు గీసితిని: ‘ఏ తేదీనుండి రాలేదు’, ‘వెళ్లి అడుగగా తెలిసిన సంగతి’. ‘ఆరు నెలలు రాలేదు’ అనునది లెక్క. ‘చల్లారినది’ అనునది తీర్పు. లెక్క వ్రాయుటకు నాకు అధికారము కలదు. తీర్పు వ్రాయుటకు లేదు. మొదటి పట్టిక నన్ను ఆమె గడపకు దూరము చేసెను. రెండవది ఎవరి గడపకు పోవలెనో ప్రతి వారము చెప్పుచున్నది.

గోధుమల ఉపమానములో దాసులు గురుగులను పెరికివేయుటకు తొందరపడిరి. యజమానుడు కోతవరకు ఆగుమనెను. వలను గూర్చిన ఉపమానములో మంచివారిలోనుండి చెడ్డవారిని వేరుచేయు పని దేవదూతలకు, యుగసమాప్తియందు అప్పగింపబడెను. ఆ పని మనది కాదు. రాశిని ఏరుడి, విత్తనమును ఏరుడి, అక్షరములను వరుసగా నేర్పుడి, లెక్కలు సరిగా వ్రాయుడి. మనుష్యుని యొద్దకు వచ్చినప్పుడు మాత్రము కలము ఆపి, మొదట అతని గడపకు వెళ్లుడి.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఈ వారము మీ ఇంటిలో, పొలములో ఏ వస్తువులను వేరుచేసితిరి? ఏ ఉద్దేశముతో?

2. మీ ఊరిలో ఎవరినైనను పేరుతోగాక ఒక ముద్రతో పిలుచుచున్నారా? ఆ ఇంటి బిడ్డ దానిని వినుచున్నాడా?

3. మీరు ‘ఇట్టివాడు’ అని తీర్పు తీర్చినవారిలో ఒకరిని జ్ఞాపకము చేసికొనుడి. మీరు అడిగి తెలిసికొన్నదెంత, అనుకొన్నదెంత?