గడ్డిచామంతి - పేరులో ఏముంది?

సీతమ్మధారలో ఏ ఖాళీ స్థలం పక్కన నడిచినా, గోడ వారన, రోడ్డు అంచున ఒక చిన్న పువ్వు పలకరిస్తుంది. నడుమ పసుపు, చుట్టూ నాలుగైదు తెల్లటి రేకులు. మొక్క నేలబారున పాకుతుంది, పువ్వు మాత్రం జానెడు కాడ మీద తలెత్తి నిలబడుతుంది. అదే గడ్డిచామంతి.

మా రైతుల ఇళ్లలో దీనికి వేరే పేర్లూ ఉన్నాయి. కొడవలి తెగినచోట ఆకు నలిపి పసరు పిండుతారు గనుక గాయపాకు. ఒకప్పుడు పిల్లలు దీంతో పలకలు తుడిచేవారు గనుక పలకాకు. వృక్షశాస్త్ర ప్రయోగశాలలో అడుగు పెట్టగానే ఇది 'ట్రైడాక్స్ ప్రొకంబెన్స్' అయి కూర్చుంటుంది! ఒక్క కలుపు మొక్కకు ఇన్ని పేర్లెందుకు?

శాస్త్రీయ నామం

ఈ జంట పేరు స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో 'స్పీషీస్ ప్లాంటారమ్' గ్రంథంలో పెట్టింది. 'ట్రైడాక్స్' ప్రజాతి పేరు. ప్రాచీన గ్రీకులు లెట్యూస్ ఆకుకూరను పిలిచిన మాట నుంచి వచ్చింది. రేకు చివర మూడు పళ్లుంటాయి కనుక ఆ పేరు వచ్చిందని చెప్పేవారూ ఉన్నారు. 'ప్రొకంబెన్స్' అంటే నేల మీద వాలి పడుకున్నది అని అర్థం.

నిజానికి మనం పువ్వు అనుకునేది ఒక పువ్వు కాదు, పూలగుత్తి. ఒక్కొక్క తెల్ల రేకూ ఒక పువ్వే. నడిమి పసుపు భాగమంతా గొట్టాల వంటి చిన్న చిన్న పూలు. అందుకే ఈ కుటుంబానికి కంపోజిటే అని పేరు. ఆస్టరేసి అన్నా అదే. చామంతి, బంతి, పొద్దుతిరుగుడు అన్నీ ఈ కుటుంబం వారే. లాటిన్ రాని మన పల్లె జనం దీన్ని చామంతితో జత కట్టారంటే వారి చూపు ఎంత నిశితమో చూడండి!

పేరు మారితే మందు మారుతుంది

పొలం గట్ల తడిలో పెరిగే గుంటగలగర కూడా ఈ కుటుంబానిదే. శాస్త్రీయ నామం ఎక్లిప్టా ప్రొస్ట్రేటా. ఆయుర్వేదంలోని భృంగరాజం ఇదే. కాని కొందరు వైద్యులు భృంగరాజం పేరిట గడ్డిచామంతిని వాడటం కూడా గ్రంథాల కెక్కింది. గడ్డిచామంతి ఉష్ణమండల అమెరికా మొక్క. కొలంబస్ 1492లో అటు వెళ్లాకనే అక్కడి మొక్కలు మన ఖండానికి రాసాగాయి. అలాంటప్పుడు అంతకు శతాబ్దాల ముందటి వైద్య గ్రంథాలలోని భృంగరాజం ఇదెలా అవుతుంది?

తేడా తెలుసుకోవడం కష్టం కాదు. గుంటగలగర పూగుత్తి చిన్నది, నడుమ కూడా తెలుపే, కాడ పొట్టి. విత్తనానికి కేశగుచ్ఛం ఉండదు. ఆ లోటును బట్టే గ్రీకులో 'లోపించినది' అనే అర్థంతో ఎక్లిప్టా అన్నారు. గడ్డిచామంతి విత్తనానికి దూది వంటి కేశగుచ్ఛం ఉంటుంది, గాలి కెగిరి ఎక్కడబడితే అక్కడ మొలుస్తుంది. అమెరికా ప్రభుత్వం దీన్ని హానికర కలుపు మొక్కల జాబితాలో చేర్చింది కూడా.

మిత్రులారా! ట్రైడాక్స్ అని రాస్తే పరీక్షలో మార్కులు పడతాయి. కాని ఆ పేరు మా అమ్మకు తెలియదు, గాయపాకు అన్న మాట చాలా పాఠ్యపుస్తకాలకు తెలియదు. మొక్క ఏదో శాస్త్రీయ నామం తేల్చి చెబుతుంది, మనుషులు దానితో ఎలా బతికారో ఊరి పేరు చెబుతుంది. హెర్బేరియం షీటు మీద లాటిన్ పేరు కింద మీ ఊరి పేరు కూడా రాయండి. రాయకపోతే ఆ మాట మన పెద్దలతోనే పోతుంది.