పరీక్ష ముందు రాత్రి కడుపునొప్పి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. వారం వారం పెట్టే పరీక్షకు ముందు రాత్రి కడుపునొప్పి అంటుంది, అన్నం ముట్టదు. స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. నాటకమాడుతోందా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: నాటకం కాదమ్మా, ఆ నొప్పి నిజం. భయం వేస్తే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. గుండె దడదడలాడుతుంది, అరుగుదల మందగిస్తుంది, కడుపులో తిప్పుతుంది. అది స్కానింగ్‌కు దొరికేది కాదు.

"ఏం కాదులే, ధైర్యంగా ఉండు" అనకండి. అలా అంటే పిల్ల చెప్పుకోవడం మానేస్తుంది, నొప్పి మానదు. పక్కన కూర్చుని, దేనికి భయమేస్తోందో అడిగి, మధ్యలో అందుకోకుండా వినండి. పరీక్ష మాత్రం ఎగ్గొట్టించొద్దు. ఆ పూటకి హాయిగానే ఉంటుంది, వచ్చే వారానికి భయం ఇంకా ముదురుతుంది. అన్నట్టు, మార్కుల మెసేజ్ రాగానే మీ ముఖం ఎలా మారుతోందో గమనించుకున్నారా? పిల్లలు మార్కుల కన్నా ముందు దాన్నే చదువుతారు.

రెండు వారాలైనా నిద్ర, తిండి కుదురుకోకపోతే మానసిక వైద్యుల్ని కలవండి. చచ్చిపోవాలని ఉందన్న మాట వస్తే ఒక్క పూటా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.